లైను చివర మాయమైన ‘క’

ఖమ్మంలో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. జీతం ఆ ఉద్యోగానికే వచ్చింది, పింఛనూ దానికే వస్తోంది. నాకు పని నేర్పింది మాత్రం పొద్దున పాలు పొంగేలోపు, సాయంత్రం కాలేజీ బస్సు దిగాక చేసిన ఇంకో పని. దాని పేరు ‘ఒత్తు’.

ఒత్తు ఒక చిన్న ప్రోగ్రాం. పాతకాలం ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఈనాటి ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే తెలుగులోకి మారుస్తుంది. మా కాలేజీ పాత ప్రశ్నపత్రాలు కొత్త కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపించాయి. వాటిని మళ్లీ టైపు చేసే ఓపిక లేక దీన్ని రాశాను. మొదటి రోజు అది అక్షరాలన్నీ మార్చింది గానీ ఒత్తులన్నీ మింగేసింది. ‘అమ్మ’ పోయి ‘అమ’ వచ్చింది. అందుకే ఆ పేరు.

తరువాత దాన్ని ఓపెన్ సోర్స్‌గా పెట్టాను. అంటే ప్రోగ్రాం లోపలి రాత అంతా అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. పంపినదాన్ని కలుపుకోవాలా వద్దా అని చూసేవాళ్లను మెయింటైనర్లు అంటారు. వాడేవాళ్లకు ఏదైనా చిక్కు వస్తే వెబ్‌సైటులో రాస్తారు, దాన్ని ఇష్యూ అంటారు. చిక్కు తీరాక ఇష్యూ క్లోజ్ చేస్తారు.

ఇప్పుడు ఇలాంటి పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు ఏ భాష నేర్చుకోవాలి, ఏ కోర్సు చేయాలి అని అడుగుతారు. వాళ్లకు నేను ఒక పెళ్లికార్డు కథ చెబుతాను. విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వాలి కూడా. ఆ రోజుల్లో నాకు మాత్రం నవ్వు రాలేదు.

‘ఒక్కోసారి’ అంటే ఎప్పుడు?

ఒత్తుకు ఇద్దరం మెయింటైనర్లం. ఒకదాన్ని నేను. రెండోవాడు శ్రీకాంత్. తల్లాడ పిల్లాడు, ఒకప్పటి నా విద్యార్థి, అప్పటికి నగరంలో పెద్ద ఉద్యోగం. నేను వారం రోజులు తంటాలు పడే చిక్కును వాడు టీ చల్లారేలోపు విప్పేవాడు. నోరు మాత్రం టీ కన్నా వేడిగా ఉండేది. ఎవరైనా ఇష్యూ సరిగ్గా రాయకపోతే, ‘ముందు సూచనలు చదవండి’ అని ఒక్క వాక్యం రాసి క్లోజ్ కొట్టేవాడు. చదవడం వస్తే చదవండి అన్నట్టు ఉండేది ఆ వాక్యం.

నేనేమీ అనేదాన్ని కాదు. ఇది దాచకుండా చెప్పాలి. పని చేసే చేతిని కదిలిస్తే పోతుందేమోనని భయం. ఈ రంగంలో బాసులు ఉండరని అంటారు గదా, అది అబద్ధం. ఎవరు మానేస్తే పని ఆగుతుందో వాళ్లే బాసు. నా విద్యార్థే నా బాసు.

ఖమ్మంలో ఖాజా భాయ్ ప్రెస్సు ఉంది. వాళ్ల తాత నాటి నుంచి పెళ్లికార్డులు అచ్చు వేస్తున్నారు. లగ్నపత్రికలో ఎక్కడ చుక్క పెట్టాలో, ‘చిరంజీవి’ తరువాత ‘లక్ష్మీ’ ఎక్కడ రావాలో పురోహితులే ఆయన్ను అడుగుతారు. ఆయన దగ్గర పాత ఫాంటులో దాచిన కార్డుల నమూనాలు బీరువాకు సరిపడా ఉన్నాయి. వాటిని ఒత్తుతో మార్చుకుని వాడేవాడు.

ఆయన మొదటి ఇష్యూ ఇలా రాశాడు: ‘ఒక్కోసారి క పోతుంది.’

శ్రీకాంత్ జవాబు: ‘ఒక్కోసారి అంటే ఎప్పుడు?’

‘తెలియదు. ఆహ్వాన పత్రిక అని కొడితే ఆహ్వాన పత్రి అని వచ్చింది. వినాయక చవితి కార్డు అనుకుంటరు.’

శ్రీకాంత్ తన కంప్యూటర్లో ఒక వాక్యంలో ‘ఆహ్వాన పత్రిక’ పెట్టి కొట్టి చూశాడు. సరిగ్గానే వచ్చింది. క్లోజ్.

రెండో ఇష్యూకు ఖాజా భాయ్ నమూనా వాక్యం కూడా పంపాడు, ఫోనులో టైపు చేసి. అదీ మా దగ్గర బాగానే వచ్చింది. క్లోజ్.

మూడోసారి క్లోజ్ చేసింది నేను. వాడిలా కసురుకోలేదు. మర్యాదగా నాలుగు పేరాలు రాశాను. ‘మా వద్ద ఈ సమస్య పునరావృతం కావడం లేదు, దయచేసి మీ కంప్యూటరును ఒకసారి పరిశీలించుకోగలరు’ అని. చక్కని తెలుగు. తెలుగు బాగుందని చాలాసేపు సంతోషపడ్డాను. ఇప్పుడు అనిపిస్తుంది, వాడి ఒక్క వాక్యమే నయం. నా మర్యాద తలుపు మూసి, గడియ కూడా పెట్టింది.

ఖాజా భాయ్ ఆ తరువాత రాయలేదు. సమస్య తీరిపోయిందని మేం అనుకున్నాం.

మేనమామ అలిగాడు

ఒక పొద్దున ఫోను వచ్చింది.

"మేడమ్, జర ప్రెస్సుకు రాండ్రి. జల్దీ."

"ఏంది భాయ్, ఏమైంది?"

"మీ సాఫ్ట్‌వేర్ ఒక పెళ్లి ఆపుతుంది."

ఆటో ఎక్కి వెళ్లాను. ప్రెస్సులో బల్ల ముందు ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పర్ణశాల దగ్గరి ఊరాయన, పేరు నర్సయ్య, పెళ్లికూతురి తండ్రి. ఆయన చేతిలో కార్డు. ఖాజా భాయ్ దాన్ని తీసుకుని నా ముందు పెట్టి వేలితో చూపించాడు. కార్డు అడుగున, మధ్యలో, రెండు లైన్లు.

మీ రా
మాకు ఎంతో ఆనందం

నాకు మొదట అర్థం కాలేదు. ‘రాక’లో ‘క’ పోయింది, అంతే కదా అనుకున్నాను.

"మాకు గూడ తెల్వలేదమ్మ," అన్నాడు నర్సయ్య. "మా దిక్కు వద్దంటె రావద్దు అంటం. ఊరంత పంచినం, ఒక్కరు గూడ ఏమనలే. పెళ్లికొడుకు మేనమామది మధిర దిక్కు. ఆయనకు కార్డు పంపిన. నిన్న ఫోన్ జేసిండు. రావద్దని అచ్చేసి పంపినంక ఎట్లొస్తం అన్నడు. ఆ ముసలాయన రాకుంటె వాళ్ల దిక్కునుంచి ఒక్కరు గూడ కదలరు."

అప్పుడు వెలిగింది. మధిర వైపు ‘రావద్దు’ అనడానికి ‘రామాకు’ అంటారు. రెండు లైన్లు కలిపి చదివితే ‘మీ రామాకు ఎంతో ఆనందం’. పెళ్లికి పిలిచే కార్డు, రావద్దని అచ్చులో చెబుతోంది, పైగా ఆనందంగా.

ఖాజా భాయ్ నా మీద కోపం చూపించలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"నేను మూడుసార్లు రాసిన గద మేడమ్," అన్నాడు. "మీ కంప్యూటర్ చూసుకోమన్నరు. చూసుకున్న. తుడిచిన గూడ."

ఆయన కొడితే పోతుంది, నేను కొడితే పోదు

తుడిచిన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ‘మీ రాక మాకు ఎంతో ఆనందం’ అని పాత ఫాంటులో కొట్టి ఒత్తులో వేశాను. సరిగ్గా వచ్చింది. మళ్లీ వేశాను. మళ్లీ సరిగ్గానే వచ్చింది. నర్సయ్య నా వైపు అదో రకంగా చూశాడు. తప్పు దొరికితే ఒక బాధ, దొరకకపోతే రెండు.

ఆ క్షణంలో నా నోట రావాల్సిన మాట చాలా ఆలస్యంగా వచ్చింది.

"భాయ్, మీరు కూర్చోండి. మీరు రోజూ ఎట్ల చేస్తరో గట్లనే చేయండి. నేను పక్కన నిలబడి చూస్త."

ఆయన కూర్చున్నాడు. ‘మీ రాక’ అని కొట్టాడు. తరువాత టక్‌మని ఎంటర్ నొక్కి, కింది లైనులో ‘మాకు ఎంతో ఆనందం’ కొట్టాడు. ఒత్తులో వేశాడు. ‘క’ పోయింది.

"ఎంటర్ ఎందుకు కొట్టిన్రు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "కార్డు గద మేడమ్. బారెడు లైను ఎట్ల వెడ్త? నడుమ కూసోవాలె. పెద్దక్షరాలల్ల రెండు లైన్లు జేస్తెనే అందం."

‘ఆహ్వాన పత్రిక’ కూడా అంతే. అది కార్డు పైన ఒంటరిగా ఒక లైను. లైను చివర ‘క’. శ్రీకాంత్ దాన్ని పరీక్షించినప్పుడు వాక్యం మధ్యలో పెట్టి పరీక్షించాడు. ఖాజా భాయ్ ఫోనులో పంపిన నమూనాలో అంతా ఒకే లైను, పైగా ఫోనులో ఉండేది కొత్త తెలుగు. రోగి దవాఖానాకు వచ్చేసరికి జ్వరం దిగిపోయినట్టయింది.

మిగతాది అరగంట పని. కంప్యూటరు లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటుంది. పాత ఫాంట్లలో గదులు తక్కువ, తెలుగు ఆకారాలు ఎక్కువ. అందుకని ఆయన వాడే ఫాంటు తయారుచేసినవాళ్లు, ఖాళీ స్థలం కోసం కేటాయించిన ఒక నంబరులో ‘క’ను కూర్చోబెట్టారు. మా ప్రోగ్రాం ఏమో, ప్రతి లైను చివరా ఉన్న ఖాళీలను శుభ్రం చేస్తుంది. లైను మధ్యలో ‘క’ క్షేమం. చివర నిలబడితే మా ప్రోగ్రాంకు అది ఖాళీలాగే కనిపిస్తుంది. ఊడ్చేస్తుంది.

ఆ ఊడ్చే లైను ఎవరు రాశారో తేదీతో సహా ప్రోగ్రాం చరిత్రలో ఉంటుంది. చూశాను. నేనే.

శ్రీకాంత్‌కు ఫోను చేశాను. అంతా విని, "ఛ," అన్నాడు. పది నిమిషాల్లో సరిచేసి పంపాడు. ఒక్క లైను మార్పు. "అయిపోయింది మేడమ్," అన్నాడు.

కోడ్ వరకు అయిపోయింది. మధిర మిగిలింది.

మంచం మీద కూర్చుని ఇచ్చిన సంజాయిషీ

ఖాజా భాయ్ సరిచేసిన కార్డులు అదే పూట అచ్చు వేశాడు. మర్నాడు ముగ్గురం మధిర దగ్గరి ఆ ఊరికి వెళ్లాం. మేనమామ పేరు వెంకటేశ్వర్లు గారు. పసుపు ఆరబోసిన వాకిట్లో మంచం వేసుకుని కూర్చుని ఉన్నారు. కార్డు ఆయన జేబులోనే ఉంది. అవమానాన్ని జాగ్రత్తగా దాచుకున్నారు.

"మీరెవరండీ?" అన్నారు నన్ను.

"ఈ కార్డులో తప్పు నాదండీ. నేను రాసిన ప్రోగ్రాం ఒక అక్షరాన్ని తినేసింది."

"తినేసిందా? అన్ని అక్షరాలుండగా అదే ఎందుకు తినిందండీ?"

ఇంతమందికి పాఠాలు చెప్పాను గానీ ఇంత మంచి ప్రశ్న క్లాసులో ఎవరూ అడగలేదు. మంచం చివర కూర్చుని చెప్పాను. హోటల్లో ఖాళీ కుర్చీ అనుకుని సర్వర్ తీసేశాడు, తీరా చూస్తే అందులో మనిషి కూర్చుని ఉన్నాడు, అలాంటిదండీ అన్నాను. ఆయన బాగా ఆలోచించారు.

"సరే, పొరపాటే అనుకుందాం. నన్ను బాధపెట్టింది రామాకు అన్నందుక్కాదండీ. రామాకండి అని కూడా లేదు. ఉట్టి రామాకు! వయసులో పెద్దోణ్ణి గదా?"

ఖాజా భాయ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నర్సయ్య నేల చూపులు చూస్తున్నాడు. ముందు నవ్వింది వెంకటేశ్వర్లు గారి భార్య, లోపలి నుంచి. తరువాత ఇంక ఎవరూ ఆగలేదు.

ఆయన పెళ్లికి వచ్చారు. రెండు కార్డులూ జేబులో పెట్టుకుని వచ్చి, పందిట్లో అందరికీ పక్కపక్కన పెట్టి చూపించారట. ఆ సీజన్లో ఖాజా భాయ్‌కు మధిర వైపు నుంచి కొత్త కార్డులు చాలా వచ్చాయి. అందరిదీ ఒకటే షరతు, ఆ వాక్యం ఒకే లైనులో ఉండాలి.

ఆదివారం మీటింగు

ఆ రోజు మధిర నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారులో ఖాజా భాయ్ ఒక మాట అన్నాడు. "మేడమ్, క్లోజ్ చేసెటోళ్లు మీరు. దర్వాజ మూసేటప్పుడు లోపల మనిషి ఉన్నడా లేడా అని అడగాలె గద."

ఆ మాట నుంచే ఒక నియమం ప్రతిపాదించాను. ఇష్యూను మూసే అధికారం అది రాసిన మనిషిదే. మెయింటైనర్లు ‘అయిందనుకుంటున్నాం’ అని మాత్రమే చెప్పవచ్చు. అంతవరకు ఒత్తులో నియమాలే లేవు, నాకూ శ్రీకాంత్‌కూ ఎలా తోస్తే అలా నడిచింది. అందుకని అందరినీ పిలిచాను. ఒక ఆదివారం మా కాలేజీ ల్యాబులో పదిహేనుమంది దాకా చేరారు. ప్రెస్సులవాళ్లు, డీటీపీ చేసేవాళ్లు, కోడ్ రాసే పిల్లలు.

సెలవుకు ఊరొచ్చిన శ్రీకాంత్ తల్లాడ నుంచి బండి మీద వచ్చాడు, యుద్ధానికి తయారై.

"మేడమ్, ఇట్లయితే ఒక్క ఇష్యూ గూడ మూతపడదు. సగం మంది రాసి మర్చిపోతరు. మనం ఊరికే చేస్తున్నం, వాళ్లు ఊరికే వాడుకుంటున్నరు. మళ్ల వాళ్ల పర్మిషన్ గూడనా?"

అతని మాటలో నిజం లేకపోలేదు. ఊరికే చేసే పనిలో అలసట ముందుగా నోట్లోకే వస్తుంది. అది నాకూ తెలుసు.

"ఇదే రూలయితే నేను ఒత్తు కాపీ తీసుకుని వేరుగా నడుపుకుంట," అన్నాడు చివరికి.

ఓపెన్ సోర్స్‌లో అది ఎవరికైనా ఉన్న హక్కు. బెదిరింపుగా వాడితే మాత్రం ఇంట్లో కంచం ముందునుంచి లేచిపోవడంలా ఉంటుంది. నేను మళ్లీ జారిపోయేదాన్నే. ‘పోనీలే, ఈ నెలకు వాయిదా వేద్దాం’ అనే మాట నాలుక చివర ఉంది.

వెనక బెంచీ నుంచి ఒకావిడ లేచింది. ఆమెను అంతకుముందు నేను చూడలేదు. "నా పేరు ముత్తమ్మ. భద్రాచలం అవతల బళ్లె టీచర్‌ను," అంది. "మా పిల్లల కోసం కోయ మాటల పుస్తకం తెలుగు అక్షరాలల్ల రాసి పెట్టుకున్నం, పాత ఫాంటుల. ఒత్తుల వేస్తె మా మాటలల్ల దీర్ఘాలు తీసేసి తెలుగు మాటలు జేస్తుంది. రెండుసార్లు రాసిన. మూసేసిన్రు. ఇగ మానేసిన."

"మరి ఏం చేసిన్రు టీచర్?" అని అడిగాను.

"ఏం జేస్త? పుస్తకం అంత చేత్తోటి మళ్ల రాసిన."

ఎంత కాలం పట్టిందని ఎవరో అడిగారు. "ఎండకాలం సెలవులు," అంది మామూలుగా.

శ్రీకాంత్ ల్యాప్‌టాప్ తెరిచాడు. పాత ఇష్యూల్లో వెతికాడు. దొరికింది. ఆమె రాసింది చాలా ఉంది, ఉదాహరణలతో సహా. కింద అతని జవాబు ఒక్కటే మాట. ‘చెల్లదు.’ దాన్ని అతను చదువుతున్నంతసేపు నేను అతని ముఖమే చూస్తున్నాను. క్లాసులో తప్పు లెక్క చేసినప్పుడు పెట్టే ముఖం అది. పదేళ్లయినా మారలేదు.

"టీచర్, ఆ పుస్తకం ఇప్పుడు ఉందా?" అన్నాడు.

"అవ్, తెచ్చిన."

సంచిలోంచి తీసింది. శ్రీకాంత్ వెళ్లి ఆమె పక్క బెంచీలో కూర్చున్నాడు. ఒక్కొక్క మాట ఆమె చదువుతుంటే, ఇతను ఎక్కడ దీర్ఘం పోతోందో పట్టుకుంటున్నాడు. మా ప్రోగ్రాంలో తెలుగు తప్పులు దిద్దే భాగం ఒకటి ఉంది. తెలుగు కాని ప్రతి మాటనూ తప్పు తెలుగు అనుకుంటోంది. మిగిలినవాళ్లం ఆ ఇద్దరి వెనక మూగి, మీటింగు సంగతి మర్చిపోయాం. ఆమె భద్రాచలం బస్సు టైమయ్యేదాకా పని నడిచింది.

ఓటింగు హడావిడిగా జరిగింది. నియమం నెగ్గింది. శ్రీకాంత్ వ్యతిరేకంగానే చేయి ఎత్తాడు. క్షమించమని ఆమెను అడగనూ లేదు. కొత్తగా వచ్చే మీకు ఇది చెప్పి తీరాలి. మనుషులు మనం అనుకున్న పద్ధతిలో మారరు. ఆ నియమానికి వ్యతిరేకంగా ఓటేసినవాడే దాన్ని అందరికన్నా ఎక్కువగా పాటించాడు. మర్నాటి నుంచి ‘అయిందనుకుంటున్నాను, మీరు చూసి చెప్పండి’ అని రాయడం మొదలుపెట్టాడు. ఆ వాక్యం రాయడానికి పళ్లు ఎంత కొరుక్కున్నాడో నాకు తెలుసు. కాపీ తీసుకుని పోతానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అతను భయపడినట్టు మూతపడని ఇష్యూలు కూడా పేరుకున్నాయి. నిజమే. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. నాకు అది మురికిగా అనిపించేది, ఇప్పుడు అనిపించదు.

నేను దిగిపోయాక

కాలేజీ నుంచి రిటైరైన ఏడాదే ఒత్తు మెయింటైనర్‌గా కూడా దిగిపోయాను. దిగిపోవడం ఎవరూ నేర్పరు. కుర్చీలోంచి లేచి, పక్కనే నిలబడి, కూర్చున్నవాళ్ల భుజం మీదుగా చూస్తూ ఉండాలనిపిస్తుంది. అందుకని అధికారాలన్నీ ఒకేసారి తీసేయించుకున్నాను. నా స్థానంలో ముత్తమ్మ టీచర్‌ను ఎన్నుకున్నారు. ఆమె కోడ్ రాయదు. ప్రతి మార్పునూ వాడి చూసి, బాగుంటేనే లోపలికి రానిస్తుంది. కోడ్ రాయనివాళ్లు మెయింటైనర్ ఏమిటి అని దూరాన ఉన్న ఒకరిద్దరు వెక్కిరించారు. వాళ్లకు జవాబిచ్చింది శ్రీకాంత్. ఆ జవాబు ఇక్కడ రాయలేను. నోరు అలాగే ఉంది.

మొన్నామధ్య ఖాళీగా ఉండి, ఎప్పుడో నేనే రాసిన ఒక పాత భాగాన్ని చక్కగా తిరగరాశాను. సగానికి సగం చిన్నదైంది. ముచ్చటగా ఉంది. గర్వంగా పంపాను. రెండో రోజు జవాబు వచ్చింది.

‘మేడమ్, మీ మార్పుతో మా మూడో తరగతి పుస్తకంలో మూడు మాటలు చెడిపోయాయి. తిప్పి పంపుతున్నాను. ముత్తమ్మ.’

కింద శ్రీకాంత్ రాసిన లైను: ‘ముందు సూచనలు చదవండి మేడమ్.’

ఒళ్లు మండింది. ఈ ప్రోగ్రాం పుట్టినప్పుడు మీరెక్కడున్నారు అని పెద్ద జవాబు టైపు చేశాను. మంచి తెలుగులో, నాలుగు పేరాలు. చదువుకున్నాను. మొత్తం తుడిచేశాను. సూచనలు తెరిచి చదివాను. అవి నేను రాసినవి కావు, నేను దిగిపోయాక వాళ్లు రాసుకున్నవి. బాగున్నాయి.

సరిచేసి పంపాను. రెండు మాటలు బాగయ్యాయి, ఒకటి మిగిలిందని ముత్తమ్మ టీచర్ తిప్పి పంపింది. మళ్లీ పంపాను. అది బాగై ఇంకోటి చెడింది. ఆమె విసుక్కోలేదు. ప్రతిసారీ ఏ మాట, ఏ పేజీ, ఎలా ఉండాలి, ఎలా వచ్చింది అని వరుసగా రాసింది. ఇష్యూ ఎలా రాయాలో నేను క్లాసులో చెప్పిన పాఠం కన్నా అది నయం.

నాలుగోసారి పంపాక, మర్నాడు మధ్యాహ్నం ఆమె దగ్గర నుంచి రెండు చిన్న వాక్యాలు వచ్చాయి. ‘అయింది మేడమ్. కలిపాను.’

లేచి వెళ్లి సేమియా పాయసం పొయ్యి మీద పెట్టాను. ఏమిటి విశేషం అని మా ఆయన వంటింట్లోకి వచ్చి అడిగారు.

"పాసయ్యాను," అన్నాను.